ఇంటర్‌ల్యూకిన్-1 బీటా గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గాయమైన చోట వాపు రప్పించే సందేశ ప్రోటీన్ మీరు. బండి మీంచి పడి తల పగిలినవాడి మెదడుకు మీరు హాజరయ్యే వేగం చూస్తే ముచ్చటేస్తుంది. స్ట్రెచర్ ఇంకా సీటీ స్కాన్ గది ముందే ఉంటుంది, మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాలు అప్పటికే మిమ్మల్ని తయారుచేయడం మొదలెట్టేస్తాయి. కాస్పేజ్-1 ఎంజైమ్ కత్తిరిస్తేగానీ మీకు అసలు రూపం రాదట. అదీ చకచకా అయిపోతుంది.

సాయానికే వస్తారు, కాదనను. కానీ మీ రాక వరద బాధితుల పరామర్శకు వచ్చిన మంత్రిగారి కాన్వాయ్‌లా ఉంటుంది. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడ మీకోసం సందులివ్వాలి. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు లోపలికి దూరాలి. వాటితోపాటు నీరూ చేరాలి. కాలు వాస్తే చర్మం సాగుతుంది, పుర్రె సాగదండీ! ఇన్ని లక్షల ఏళ్లలో ఈ ముక్క మీకెవరూ చెప్పలేదా? వాచిన మెదడు తన రక్తనాళాలనే తాను నొక్కేసుకుంటుంది. దెబ్బే తగలని కణాలు కూడా రక్తం అందక చచ్చిపోతాయి. పైగా మెదడులో ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్‌కు కబురంపి జ్వరం కూడా తెప్పిస్తారు.

ఐసీయూ తలుపు దగ్గర "నిన్న మాట్లాడాడు కదా సార్, ఇవాళేమైంది?" అని అడుగుతారు ఇంట్లోవాళ్లు. "బ్రెయిన్ స్వెల్లింగ్ అమ్మా" అంటారు డాక్టరు గారు. ఎఫ్ఐఆర్‌లో మాత్రం లారీ డ్రైవర్ పేరొక్కటే.

మీ ఆగడాలకు మందుగా ముప్పై ఏళ్లకు పైగా స్టీరాయిడ్లు ఎక్కించారు. చివరికి 10,008 మందితో 'క్రాష్' అనే ట్రయల్ చేశారు (తలగాయాల పరిశోధనకు ఆ పేరు పెట్టినవారికో దండం). 2004లో వచ్చిన ఫలితం: రెండు వారాల్లో స్టీరాయిడ్ తీసుకున్నవాళ్లలో 21.1 శాతం చనిపోయారు, తీసుకోనివాళ్లలో 17.9 శాతం. 20,000 మందితో అనుకున్న ట్రయల్ సగంలోనే ఆగింది. స్టీరాయిడ్ మీ ఒక్కరి మీదే పనిచేసే మందు కాదు కాబట్టి అది మీకు క్లీన్ చిట్ ఏమీ కాదు. కాలరెగరేయకండి.

మీలాగే వాపు తెప్పించే ప్రోటీన్, మీ సహోద్యోగి టీఎన్ఎఫ్ గారి కథ ఇంకా చిత్రం. ఆయన లేని ఎలుకలు దెబ్బ తగిలిన కొత్తలో మెరుగ్గా ఉన్నాయి. నాలుగు వారాలకు చూస్తే, ఆయన ఉన్నవి కోలుకున్నాయి, లేనివి కోలుకోలేదు.

అందుకే రావద్దనడం లేదు. వచ్చిన పని చూసుకుని వెళ్లండి. కొందరి మెదళ్లలో దెబ్బ తగిలి ఏళ్లు గడిచినా మైక్రోగ్లియా ఇంకా డ్యూటీ దిగలేదు. కణాల మీద మీరొచ్చి కూర్చునే రిసెప్టర్ సీట్లో అనకిన్రా అనే మందును ముందే కూర్చోబెట్టి కూడా పరీక్షిస్తున్నారు. అది ఏ పనీ చేయదు, సీటు మాత్రం వదలదు. ఆ కళలో మావాళ్లు దానికి పాఠాలు చెప్పగలరు.

ఇట్లు,
ఇంటి ఓనరు