పదో గంటలో పడ్డ వడియాలు

గోళ్ల సందుల్లో సగ్గుబియ్యం జావ ఇంకా పోలేదు. అది పోయేలోపే మొన్నటి డ్రోన్ సంగతి రాసేయాలని కూర్చున్నా. ఆలస్యమైతే ఊళ్లో వాళ్లు చెప్పుకునేదే ఖాయమైపోతుంది. నిన్నటికే అందులో రెండు మేకలు, ఒక కరెంటు స్తంభం చేరాయి.

విడవలూరు వైపు మా ఊళ్లో వరికి మందు కొట్టే డ్రోన్ నడుపుతాను. దగదర్తిలో విమానాశ్రయం వస్తుందని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. అది రాకముందే ఊరికి పైలట్ వచ్చాడని మావాళ్లకు నా మీద వెటకారం. నా దగ్గర సర్టిఫికెట్ ఉంది మరి. పదేళ్లు చెల్లుతుంది. స్మాల్ క్లాస్, అంటే 2 కిలోల పైనుంచి 25 కిలోల దాకా బరువుండే డ్రోన్లు నడపొచ్చు. పాతది నాలుగు రెక్కలది, ముసలిదైపోయింది. ఈ ఎడగారు పంటకి పనికొస్తుందని లోను పెట్టి ఆరు రెక్కలది కొన్నాను. పది లీటర్ల ట్యాంకు నిండుగా ఉన్నా 25 కిలోలు దాటదు. సర్టిఫికెట్ అదే సరిపోతుంది. ప్రభుత్వానికి నాతో పేచీ లేదు.

పేచీ అంతా ఇన్సూరెన్స్ వాళ్లతో.

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం, 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు తప్ప, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా ఎగరేయకూడదు. అది వెంటనే ఇచ్చారు, డబ్బులు కూడా వెంటనే తీసుకున్నారు. లోను బండి కాబట్టి మిషన్‌కి కూడా పాలసీ ఉండాలన్నాడు బ్యాంకు మేనేజర్. ఆ రెండో పాలసీ దగ్గర మెలిక పడింది. 'సర్, మీకు ఈ మోడల్ మీద అనుభవం లేదు. ఇన్‌స్ట్రక్టర్ ఎదురుగా పది గంటలు ఎగరేసి, లాగ్‌బుక్కులో రాయించుకుని పంపండి. అప్పుడు పాలసీ మొదలవుతుంది' అని చెన్నై నుంచి ఒకమ్మాయి. ఆ పాలసీ లేకుండా గాల్లోకి లేపొద్దని బ్యాంకు మేనేజర్. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదు.

'నాలుగేళ్లుగా ఎగరేస్తున్నానమ్మా' అన్నాను.

'అది వేరే మోడల్ కదా సర్' అంది. అమెరికాలో సొంతానికి చిన్న విమానం కొనుక్కున్న వాళ్లను కూడా ఇన్సూరెన్స్ వాళ్లు ఇలాగే ఇన్ని గంటలు ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని నడపమంటారట. ఉండొచ్చు. వాళ్లు విమానంలో కూర్చుంటారు, పోతే ప్రాణం పోతుంది. నేను గట్టు మీద నిలబడతాను, పోతే పరువు పోతుంది.

చివరికి ఆ పది గంటల వరకు 'రిస్కు నాదే' అని కాగితం రాసిస్తే మేనేజర్ మెత్తబడ్డాడు. సగం ట్యాంకు నీళ్లతో బ్యాటరీకి పది, పన్నెండు నిమిషాలు. పది గంటలంటే యాభై పైచిలుకు సార్లు లేపాలి, దించాలి. కోతలైపోయి మోళ్లు మిగిలిన పొలం మీద ఉత్త నీళ్లు చల్లుకుంటూ తిరుగుతుంటే ఊరు ఊరంతా వచ్చి చూసింది. ఇన్‌స్ట్రక్టర్ నెల్లూరు నుంచి వచ్చేవాడు. రోజు లెక్కన ఫీజు, మధ్యాహ్నం చేపల పులుసు, సాయంత్రం పోతూ పోతూ మలై కాజా పొట్లం. వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. నీడతో పాటు కుర్చీ జరిగేది. మనిషి మాత్రం ఫోన్లోంచి తల ఎత్తేవాడు కాదు.

తొమ్మిది గంటలు దాటేశాం. మొన్న ఆదివారం ఇంకో నాలుగు బ్యాటరీలు ఖర్చు చేస్తే పని అయిపోయినట్టే. పొద్దున్నే పెద్దమ్మ వాళ్ల కళ్లంలో సిమెంటు గచ్చు మీద నుంచి లేపాను. ఆరు రెక్కల గాలికి గచ్చు అద్దంలా అయింది, ఒక్క గడ్డిపరక లేదు. నేను పొలం వైపు తిరిగి, కళ్లానికి వీపు పెట్టి, ఆకాశంలోకి చూస్తూ నడుపుతున్నా.

ఆ పన్నెండు నిమిషాల్లో వెనకాల ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది? కళ్లంలోకి ఎవరన్నా వస్తే కేకేయడం ఇన్‌స్ట్రక్టర్ డ్యూటీ. దానికేగా ఫీజు.

రిమోట్‌లో ఆడగొంతు మాట్లాడింది. లో బ్యాటరీ, రిటర్నింగ్ హోమ్. ఎక్కడి నుంచి లేచిందో ఆ చోటు గుర్తుపెట్టుకుని, బ్యాటరీ అయిపోవస్తే తనంతట తానే అక్కడికి వచ్చి దిగుతుంది. రమ్మనకుండానే టైముకి ఇంటికి చేరేది మా వంశంలో అదొక్కటే. నిశ్చింతగా వెనక్కి తిరిగాను.

గచ్చు మీద పెద్దమ్మ పాత వెంకటగిరి చీర పరిచి ఉంది. నాలుగు మూలలా నాలుగు రాళ్లు. చీర నిండా వరసలు వరసలుగా సగ్గుబియ్యం వడియాలు, అప్పుడే పెట్టినవి, పొగలు కూడా పోలేదు. పెద్దమ్మ, ఇద్దరు కోడళ్లు ఆఖరి వరసలో ఉన్నారు. సరిగ్గా వాళ్ల నెత్తిన, పదిహేను మీటర్ల ఎత్తులో, నా అప్పు.

అది దిగడం కూడా దబ్బున దిగదు. కొత్తకోడలు మెట్లు దిగినట్టు నింపాదిగా దిగుతుంది. అరనిమిషం పడుతుంది. ఆ అరనిమిషంలో నాకు చాలా తట్టాయి. వడియాల్లో జీలకర్ర వేసిందా లేదా అన్నది కూడా తట్టింది. 'పెద్దమ్మా, లెయ్యండి!' అని అరిచాను. కోడళ్లు గంటెలు పారేసి పరిగెత్తారు. పెద్దమ్మ మాత్రం తల పైకెత్తి చూసి, 'పో, పో' అని కాకిని అదిలించినట్టు గంటె ఊపి, జావ గిన్నె చంకన పెట్టుకుని, నడిచే పక్కకి వెళ్లింది.

నిలబెట్టే మీట ఒకటుంది. దిగేది ఎక్కడున్నా అక్కడే ఆగిపోతుంది, ఆ తర్వాత పక్కకు నడుపుకోవచ్చు. పాత రిమోట్‌లో అది కుడి చూపుడువేలి కింద ఉండేది. ఈ కొత్తదాంట్లో ఎడమ వైపు. కుడి చూపుడువేలి కింద వీళ్లు పంపు మీట పెట్టారు. తొమ్మిది గంటలు పొరపాటు లేకుండా నొక్కిన వేలు, ఆ ఒక్క క్షణంలో నాలుగేళ్ల పాత ఇంటికి పోయింది.

నీళ్లు మొదలయ్యాయి. ఆగడం లేదని ఇంకా గట్టిగా నొక్కాను. పైనుంచి సన్నటి జల్లు, కింద జావ పలచనవుతోంది, ఆపైన ఆరు రెక్కల గాలి. ఒక మూల రాయి దొర్లింది. చీర కొంగు లేచింది. వడియాలు లేచాయి. ఎండిన వడియమైతే ఎగిరిపోయి ఎక్కడో పడుతుంది. పచ్చి వడియం ఎగిరితే అతుక్కుంటుంది. గోడకి, గేదెకి, వేపచెట్టు మొదలుకి, అన్నిటికన్నా ఎక్కువగా ఇన్‌స్ట్రక్టర్ తెల్లచొక్కాకి. నాలుగు రోజుల్లో ఆయన మొదటిసారి ఫోన్లోంచి తల ఎత్తాడు. డ్రోన్ చీర నడిమధ్య, జావలో కాళ్లు పెట్టుకుని, ల్యాండింగ్ కంప్లీట్ అని చెప్పి ఆగింది.

'రెండు కిలోల సగ్గుబియ్యం రా అబ్బయా' అంది పెద్దమ్మ, ఇంకేం అనకుండా. తిట్టినా బాగుండేది.

తప్పు ఒప్పుకుని, 'బాధపడమాక పెద్దమ్మా, థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉంది, నీకొస్తాయి డబ్బులు' అన్నాను.

'అంటే ఏంది?'

'అంటే... మూడో మనిషికి నష్టం జరిగితే...'

మాట మధ్యలోనే నాలుక కరుచుకున్నా, లాభం లేకపోయింది. 'నేను మూడో మనిషినా? మీ అమ్మకి జ్వరమొస్తే మూడు నెలలు నిన్ను చంకనేసుకుని తిరిగిందానికి నేను మూడో మనిషినా?' వడియాలకి రాని కన్నీళ్లు దీనికొచ్చాయి. సాయంత్రానికి ఈ మాట మా అమ్మ చెవిన పడింది. రాత్రి నాకు అన్నంతో పాటు అదే వడ్డించారు.

చెన్నై అమ్మాయికి ఫోన్ చేస్తే, బంధువులు థర్డ్ పార్టీ కిందకి వస్తారో రారో కనుక్కుని చెప్తానంది. ఈలోగా ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్కులో ఆ పన్నెండు నిమిషాల ఎదురుగా ఎర్ర పెన్నుతో 'అబ్‌నార్మల్ ల్యాండింగ్' అని రాసి సంతకం పెట్టాడు. చొక్కా మీద వడియం అలాగే ఉంది. ఆ ఒక్క ట్రిప్పూ పది గంటల లెక్కలోకి రాదట. ఆయన ఫోన్లో పోయిన పన్నెండు నిమిషాలు మాత్రం ఫీజు లెక్కలోకి వచ్చాయి. మిగతావి ఆ సాయంత్రమే ఎగరేసినా, మొత్తం మీద తొమ్మిది గంటల నలభై తొమ్మిది నిమిషాల దగ్గర ఆగిపోయాను.

ఈ పొద్దున పెద్దమ్మ కబురు చేసింది. మళ్లీ సగ్గుబియ్యం నానబోసిందట. గచ్చు నిండా వేపాకు రాలింది, చీపురుతో పోవడం లేదు, ఆ మిషన్ తెచ్చి ఒక్కసారి ఊడ్చిపెట్టి పొమ్మంటోంది.

గచ్చు ఊడ్చే పదకొండు నిమిషాలు లాగ్‌బుక్కులో రాసుకోవచ్చా అని చెన్నైకి మెయిల్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.