తీరం దాటే చోటు చెబుతున్నారు, పెన్నకు వచ్చే నీళ్ల లెక్క ఎవరు చెబుతారు?

1989 నవంబరులో కావలి మీద పడిన తుపానుకు రెండు పేర్లు. మనకు అది కావలి తుపాను. పుట్టింది మాత్రం థాయిలాండ్ సింధుశాఖలో, అక్కడ దాని పేరు టైఫూన్ గే. నవంబరు 3న సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ నౌకను బోల్తా కొట్టించి 91 మందిని పొట్టన పెట్టుకుంది. మర్నాడు చుంఫోన్ దగ్గర థాయిలాండ్ నేల మీదికెక్కి, అక్కడ సన్నగా ఉండే ఆ భూభాగాన్ని దాటి ఇటు దిగింది. నేల తగిలితే తుపాను నీరసపడాలి. పడింది కూడా. కానీ బంగాళాఖాతం నీళ్ల వెచ్చదనానికి మళ్లీ పుంజుకుని, నాలుగు రోజులు ప్రయాణం చేసి, 8, 9 తేదీల నడుమ కావలి దగ్గర తీరం దాటింది.

ఒకే తుపాను, రెండు సముద్రాలు, వేర్వేరు హెచ్చరిక కేంద్రాలు. నెల్లూరు, ప్రకాశం తీరానికి పరాయి దేశపు వాతావరణ సమాచారం ఎందుకని అడిగేవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. మన మీదికొచ్చేదానికి మూలం చాలాసార్లు అండమాన్‌కు అవతలే ఉంటుంది.

ఈ సహకారానికి పునాది ఒక మహా విషాదం. 1970 భోలా తుపాను అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో లక్షల మందిని మింగాక, 1972లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆసియా పసిఫిక్ ఆర్థిక సామాజిక సంఘం కలిసి ఒక ప్యానెల్ ఏర్పాటు చేశాయి. ఇప్పుడు అందులో 13 దేశాలున్నాయి. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఏ తుపాను పుట్టినా వీటన్నిటికీ సూచనలు పంపే బాధ్యత ఢిల్లీలోని మన వాతావరణ శాఖ కేంద్రానిది. ఇక పేర్లంటారా, 2020లో ప్రకటించిన జాబితాలో దేశానికి 13 చొప్పున 169 ఉన్నాయి. నివర్ ఇరాన్ ఇచ్చింది, మాండూస్ యూఏఈది, మిచౌంగ్ మయన్మార్‌ది, మొంథా థాయిలాండ్‌ది. తుపాను పుట్టగానే మన చానళ్లలో ముందు వచ్చేది పేరు అర్థమే. ఈ మొత్తం ఒప్పందంలో ఖర్చు లేని భాగం కూడా అదే.

అసలు ఇచ్చిపుచ్చుకోవడం జరిగేది పరిశీలనల్లో. మన టైములో ఉదయం 5.30, సాయంత్రం 5.30 లెక్కకు చెన్నై, మచిలీపట్నం, పోర్ట్ బ్లెయిర్‌తో పాటు ప్రపంచమంతా ఒకే వేళకు బెలూన్లు లేస్తాయి. వాటి కొలతలు నిమిషాల్లో ఉమ్మడి నెట్‌వర్క్‌లోకి చేరతాయి. యూరప్, అమెరికా, బ్రిటన్ కేంద్రాల కంప్యూటర్ మోడళ్లు వాటిని తీసుకునే తమ లెక్క మొదలుపెడతాయి. నోయిడాలోని మన మధ్యశ్రేణి అంచనా కేంద్రం నడిపే మోడల్‌కు మూలం బ్రిటన్ వాతావరణ కార్యాలయం రాసిన యూనిఫైడ్ మోడలే. వీటిలో ఏదీ ఒంటరిగా గెలవదు. అందుకే ఢిల్లీ కేంద్రం అన్నిటి దారులనూ కలిపి సగటు తీసి, దానికి తన అనుభవం జోడిస్తుంది.

అట్లాంటిక్‌లో హరికేన్ పుడితే అమెరికా విమానాలు దాని కంట్లోకే దూరి పీడనం కొలిచి వస్తాయి. బంగాళాఖాతంలో అలాంటి నిత్య ఏర్పాటు లేదు. మనం తుపాను బలాన్ని ఎక్కువగా మేఘం ఆకారం చూసే అంచనా కడతాం. 1970లలో వెర్నన్ డ్వోరాక్ రూపొందించిన పద్ధతి అది. మేఘపు చుట్ట ఎంత బిగిసింది, కన్ను తెరుచుకుందా, దాని చుట్టూ మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉంది అని చూసి టీ-నంబరు వేస్తారు. 3.5 అంటే 55 నాట్ల గాలి (ఒక నాట్ అంటే గంటకు 1.85 కి.మీ.), 4 అంటే 65 నాట్లు. ఒకే చిత్రం చూసిన ఇద్దరు నిపుణుల మధ్య అర నంబరు తేడా రావడం మామూలే. ఆ అర నంబరు గంటకు 18 కి.మీ. గాలి. 'తీవ్ర తుపాను'కూ 'అతి తీవ్ర తుపాను'కూ మధ్య గీత సరిగ్గా అక్కడే పడుతుంది.

ఈ లోటును కొంత పూడ్చేది స్కాటరోమీటర్. సముద్రపు ముడతల మీదికి రాడార్ తరంగాన్ని పంపి, తిరిగొచ్చినదాన్ని బట్టి గాలి వేగం, దిశ లెక్కగట్టే పరికరం ఇది. ఇక్కడ మనం తీసుకునేవాళ్లమే కాదు, ఇచ్చేవాళ్లం కూడా. శ్రీహరికోట నుంచి 2009లో వెళ్లిన ఓషన్‌శాట్-2 గాలి కొలతలను 2012లో అమెరికా తూర్పు తీరాన్ని కొట్టిన శాండీ హరికేన్‌ను చదవడానికి అక్కడివాళ్లు వాడుకున్నారు. తర్వాత 2016లో స్కాట్‌శాట్-1, 2022లో ఓషన్‌శాట్-3 వెళ్లాయి. ఫ్రాన్స్‌తో కలిసి 2011లో పంపిన మేఘా-ట్రోపిక్స్ ఉష్ణమండలపు తేమను కొలిచింది. అయితే స్కాటరోమీటర్ చూపుకూ హద్దుంది. మన పరికరం వాడే పొట్టి తరంగాల కేయూ బ్యాండ్‌కు కుండపోత వాన అడ్డం, గాలి మరీ పెరిగితే కొలత మొద్దుబారుతుంది. యూరప్ పంపిన ఆస్కాట్ స్కాటరోమీటర్ అంతకంటే పొడవు తరంగాల సీ బ్యాండ్‌లో ఉండటంతో వానలో కాస్త మెరుగు. రెండూ ఉంటేనే తుపాను గాలి ఎంత మేర పరుచుకుందో తెలుస్తుంది.

నీటి కింద సంగతి మరోటి. తుపానుకు ఇంధనం సముద్రపు పైపొర వేడి మాత్రమే కాదు, ఆ వెచ్చటి పొర ఎంత లోతుందన్నది కూడా. పలుచటి పొరైతే తుపాను తానే కిందినుంచి చల్లటి నీటిని పైకి చిలికి నీరసిస్తుంది. ఈ లోతును కొలిచేవి ప్రపంచమంతా తేలుతున్న సుమారు 4,000 ఆర్గో ఫ్లోట్లు (మునుగుతూ తేలుతూ నీటిని కొలిచే పరికరాలు), అమెరికాతో కలిసి హిందూ మహాసముద్రంలో లంగరేసిన రామా బోయాలు, చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ వేసిన మన సొంత బోయాలు. ఈ బోయాలకు తుపాను కంటే పెద్ద ముప్పు వలలు. బోయా నీడకు చేపలు చేరతాయి. చేపల కోసం మరపడవ వస్తుంది, బోయాకే తాడు కడుతుంది, వల చుట్టుకుని సెన్సర్ విరుగుతుంది. అక్టోబరులో విరిగిందంటే పరిశోధన నౌక వెళ్లి బాగుచేసేలోగా తుపాన్ల కాలం సగం గడిచిపోతుంది. ఇది మత్స్యకారుల మీద నేరం మోపి వదిలేసే విషయం కాదు. తీరగ్రామాల్లో ఆ పసుపు డబ్బా ఏం చేస్తుందో, వేటకు వెళ్లొద్దన్న కబురు ఎక్కడినుంచి పుడుతుందో చెప్పినవారెందరు?

ఈ ఉమ్మడి కృషికి ఫలితం కనబడుతోంది. ఇప్పుడు 24 గంటల ముందు వేసే దారి అంచనాలో సగటు తప్పు 75-80 కి.మీ. దరిదాపు, ఇరవయ్యేళ్ల కిందటి తప్పులో దాదాపు సగం. మన తీరం మీద దీన్ని కొలవాలంటే కావలికీ ఒంగోలుకూ మధ్య దూరం, ఇంకో పది కి.మీ. కలుపుకోండి.

ఇక్కడే మన తీరపు వంకర ఒకటుంది. పులికాట్ నుంచి ఒంగోలు దాకా తీరం ఇంచుమించు దక్షిణం నుంచి ఉత్తరానికి గీత గీసినట్టు ఉంటుంది. తూర్పు నుంచి నేరుగా వచ్చి తాకే తుపానుకు దారి 20 కి.మీ. తప్పితే తీరం దాటే చోటు కూడా 20 కి.మీ. తప్పుతుంది, అంతే. తీరం వెంబడి 15 డిగ్రీల కోణంలో పాకే తుపానుకు అదే 20 కి.మీ. తప్పు తీరం మీద 77 కి.మీ. అవుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ చేసింది ఇలాంటి పనే. చెన్నైని ముంచి, నెల్లూరు పక్కనే ఉత్తరానికి పాకుతూ పోయి 5వ తేదీ మధ్యాహ్నం బాపట్ల దగ్గర దాటింది. ఇలాంటి తుపానుకు 'ఎక్కడ దాటుతుంది' అన్న ప్రశ్నే దారి తప్పిస్తుంది. దాటకుండానే రెండు రోజులు కురుస్తుంది కదా.

పైగా దగ్గరికొచ్చాక చూసే రాడార్లలో మనకో సందు ఉంది. శ్రీహరికోట, మచిలీపట్నం రాడార్లు రెండింటికీ కందుకూరు ప్రాంతం సుమారు 170 కి.మీ. జిల్లాల హద్దులు ఎన్నిసార్లు మారినా ఈ దూరం మారదు. అర డిగ్రీ ఎత్తులో పంపిన కిరణం భూమి గుండ్రదనం వల్ల అక్కడికి చేరేసరికి నేలకు 3 కి.మీ. పైనుంటుంది. ఆ కింద గాలి ఎలా వీస్తోందో, వాన ఎంత చిక్కబడిందో దానికి పట్టదు. సింగరాయకొండ, ఉలవపాడు మీద వాన రాడార్‌లో పలచగా కనబడి నేల మీద దంచికొట్టడానికి ఇదొక కారణం. ఈ నడిమధ్యన దగ్గరి దూరాలు చూసే చిన్న ఎక్స్-బ్యాండ్ రాడార్ ఒకటి నిలబెడితే తీరే సమస్య ఇది. దీనికి ఏ దేశం సహకారమూ అక్కర్లేదు.

గాలి అంకెల తగవు కూడా చెప్పుకోవాలి. 2013లో పైలిన్ వచ్చినప్పుడు అమెరికా నౌకాదళ కేంద్రం పెద్ద అంకె చెప్పింది, మన శాఖ తక్కువ చెప్పింది, మీడియా మనవాళ్లను తప్పుబట్టింది. తేడాలో కొంత నిజం, కొంత కొలబద్ద. అమెరికావారిది నిమిషం సగటు, మనది మూడు నిమిషాల సగటు, ప్రపంచ సంస్థ ప్రమాణం పది నిమిషాలు. సముద్రం మీద నిమిషం సగటు పది నిమిషాల సగటు కంటే 7 నుంచి 13 శాతం దాకా ఎక్కువ చూపుతుంది. ఫోన్లో విదేశీ మ్యాపు చూసి బెంబేలెత్తే ముందు ఇది గుర్తుంటే మేలు.

ఓడరేవు హెచ్చరిక నంబర్ల విషయంలో జరిగే పొరపాటు ఇంతకంటే పెద్దది. కృష్ణపట్నంలో 'ఐదో నంబరు ఎగరేశారు, ఆరో నంబరుకు పెంచారు' అని పత్రికలు రాస్తాయి, పరీక్ష మార్కుల్లాగా. 5, 6, 7 నంబర్లకు తీవ్రత ఒకటే. ఐదంటే తుపాను నడిచే దిక్కుకు రేవు ఎడమ పక్కన ఉంటుందని, ఆరంటే కుడి పక్కన ఉంటుందని, ఏడంటే రేవు మీదుగానే, లేదా మరీ దగ్గరగా వెళ్తుందని. 8, 9, 10 నంబర్లదీ అదే వరస, మరింత తీవ్రమైన తుపానుకు. పడమరకు వచ్చే తుపానుకు కుడి అంటే ఉత్తరం. అటువైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఉప్పెన వచ్చేది అక్కడే. ఎడమ పక్కన గాలి నేల నుంచి సముద్రానికి. కావలి దగ్గర దాటితే ఉప్పెన భయం రామాయపట్నం, కొత్తపట్నం వైపుకే ఎక్కువ, మైపాడుకు తక్కువ. కాబట్టి ఐదుకూ ఆరుకూ తేడా ఒక అంకె కాదు, ఊళ్లు ఖాళీ చేయించాల్సిన దిక్కు.

ఇప్పుడు అసలు సంగతి. గత కొన్నేళ్లలో నెల్లూరును బాగా దెబ్బతీసిన వ్యవస్థకు పేరే లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెన్నై, పుదుచ్చేరి మధ్య తీరం దాటింది ఉత్త వాయుగుండం. గాలి గంటకు 50 కి.మీ. కూడా మించని జాతి. కానీ దాని వాన పెన్న ఉపనది చెయ్యేరు మీద పడింది. అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఆ నీరు పెన్నలోకి, పెన్న సోమశిలలోకి. జలాశయం అప్పటికే దాదాపు నిండుగా ఉంది. 5 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదలాల్సి వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. తీరం దాటే చోటు ఆ రోజు సరిగ్గానే చెప్పారు. నెల్లూరుకు కావాల్సిన లెక్క అది కాదు.

ఆ లెక్క చూద్దాం. వెయ్యి చదరపు కి.మీ. మీద 100 మి.మీ. వాన అంటే సుమారు మూడున్నర టీఎంసీలు. నేల అప్పటికే నానిపోయి 60 శాతం పారిందనుకుంటే రెండు టీఎంసీలు నదిలోకి వస్తాయి. 5 లక్షల క్యూసెక్కులంటే 33 నిమిషాలకో టీఎంసీ, రోజుకు 43. సోమశిల మొత్తం సామర్థ్యమే 78. వరదకు ముందు 10 టీఎంసీల చోటు చేయాలంటే రెండు రోజుల పాటు 58 వేల క్యూసెక్కులు వదలాలి. అది పెన్న ఒడ్డు తట్టుకోగల నీరు. కానీ గేటు ఎత్తే నిర్ణయం వరద రాకకు 60, 72 గంటల ముందే జరగాలి. ఇంజినీరు భయం కూడా అబద్ధం కాదు. ఖాళీ చేశాక వాన రాకపోతే డెల్టా ఆయకట్టు, కండలేరు, చెన్నై తాగునీరు అన్నీ ఆయన మెడకు చుట్టుకుంటాయి. అందుకే నిండేదాకా ఆగి, నిండాక ఒక్కసారిగా ఎత్తుతారు.

ఈ చిక్కుకు అంతర్జాతీయ సహకారం దగ్గర సగం జవాబుంది. యూరప్ కేంద్రం ఒకే మోడల్‌ను స్వల్ప తేడాలతో రోజుకు కనీసం రెండుసార్లు, ప్రతిసారీ 51 విధాలుగా నడుపుతుంది. నోయిడాకూ ఇలాంటి సొంత సమూహం ఉంది. వీటిని దారి గీయడానికి వాడుతున్నాం. నదీ పరీవాహకం మీద వాన అంచనా కోసం జిల్లా స్థాయిలో వాడేది అరుదు. 'నెల్లూరు జిల్లాలో అతి భారీ వర్షాలు' అన్న నారింజ రంగు హెచ్చరిక సోమశిలకు పనికిరాదు, సోమశిలను నింపే వాన నెల్లూరులో పడదు. అదే వాన 50 కి.మీ. దక్షిణానికి జరిగితే చెయ్యేరు బదులు స్వర్ణముఖిలోకి పోతుంది, పెన్నకు చుక్క రాదు. ఇలాంటి చోట ఒక్క అంకె చెప్పడం కంటే 51లో ఎన్ని అటు చూపుతున్నాయో చెప్పడమే నిజాయితీ. ఎన్ని దాటితే ఎంత వదలాలో వేసవిలోనే కూర్చుని రాసుకుంటే, నవంబరు అర్ధరాత్రి ఆ నిర్ణయం ఒక్క అధికారి ధైర్యం మీద ఆధారపడదు.

కృత్రిమ మేధ మోడళ్లు వచ్చాయి కాబట్టి ఇక అన్నీ తేలికే అనుకుంటే తొందరపాటు. యూరప్ కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన ఏఐ మోడల్‌ను నిత్య వాడుకలోకి తెచ్చింది. దారి చెప్పడంలో ఇవి గట్టివే, కానీ గాలి, వాన శిఖరాలను తగ్గించి చూపే అలవాటుంది. పైగా ఇవి కూడా పరిశీలనలు తిని బతికేవే. ఆ పరిశీలనల మీదే నమ్మకం సడలుతోంది. 2025 జూన్‌లో అమెరికా రక్షణ శాఖ తన పాత ఉపగ్రహాల మైక్రోవేవ్ కొలతలు ఆపేస్తామని కొద్ది రోజుల వ్యవధితో ప్రకటించింది, గోల చేశాక వెనక్కి తగ్గింది. మేఘం కప్పిన తుపాను లోపలికి చూడగలిగేవి ఇలాంటి మైక్రోవేవ్ కొలతలే. 2020లో ఢిల్లీ కేంద్రంగా మొదలైన దక్షిణాసియా మెరుపు వరదల సూచన వ్యవస్థకు అండగా నిలిచినవాటిలో ఒకటైన అమెరికా విదేశీ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ ఇప్పుడు లేదు.

కాబట్టి బులెటిన్లో ఇంకో వరుస చేరాలి. 'వచ్చే 48 గంటల్లో చెయ్యేరు పరీవాహకం మీద 150 మి.మీ. దాటే అవకాశం 51లో ఇన్ని, పెన్న మరో ఉపనది పాపఘ్ని మీద ఇన్ని' అని. ఢిల్లీ నుంచి నెల్లూరు కలెక్టరేటుకు కాదు, నేరుగా సోమశిల గేట్ల దగ్గరున్న ఇంజినీరుకు. తీరం దాటే చోటు ఎలాగూ టీవీలో వస్తుంది.