ఇరవై మందికి సరిపడే విడిది

‘ఇరవై మందికి సరిపడే విడిది, సొంత ఈత కొలనుతో’ అన్న ప్రకటనను శంకించేవారికి లెక్కలు రావని నా నిశ్చితాభిప్రాయం. పడక గదులు ఐదు, అంటే పది మంది. విప్పితే పరుపయ్యే సోఫాలు రెండు, మరో నలుగురు. తక్కిన ఆరుగురికి నేల ఉండనే ఉంది. స్నానాల గదులు రెండేనన్న సంగతి చివర్లో చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. మనిషికి పదిహేను నిమిషాలు వేసుకున్నా అందరి స్నానాలకు రెండున్నర గంటలు. గీజరు మాత్రం ఈ ఒప్పందంలో సంతకం చేయలేదు. మూడోవారి దగ్గరే విరమించుకుంటుంది.

అయినా మనం వెళ్లేది పూల్ కోసం కదా! నీళ్లు వేడిగా కావాలంటే రుసుము అదనం. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటర్ల లోతు ఉన్న కొలనులో 48,000 లీటర్లు పడతాయి. వాటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 56 యూనిట్ల వేడి కావాలి. 9 కిలోవాట్ల హీటరుకు ఆరు గంటల పైమాటే. దాన్ని మనం దిగిన మధ్యాహ్నమే వేస్తారు. నీళ్లు కాలు పెట్టనిచ్చే వేళకు మనం పెట్టెలు సర్దుతుంటాం. తర్వాత దిగేవారి సుఖానికి మన డబ్బు ఖర్చవడం పుణ్యమే.

ఘాటైన క్లోరిన్ వాసన వస్తే శుభ్రంగా ఉందని మురిసిపోయేవారున్నారు. ఆ ఘాటు క్లోరిన్ చెమటతోనూ, పైకి చెప్పుకోని మరో ద్రవంతోనూ కలిసి పుట్టించే క్లోరమైన్లది. ముందు వచ్చిన బృందం ఎంత సరదాగా గడిపిందో ముక్కుతోనే తెలుసుకోవచ్చు.

అసలు ఈదాల్సింది అద్దె పంచుకునేటప్పుడు. తలకింత అంటే పిల్లలది తలా, సగం తలా అని చర్చ. గదికింత అంటే సోఫావారు లేస్తారు. ఈత రానివారు పూల్ వాటా తీసేయమంటారు. నన్నడిగితే వారి దగ్గరే ఎక్కువ వసూలు చేయాలి: గట్టున పడక కుర్చీలన్నీ వారి అధీనంలోనే కదా. ఫోను పక్కన పెట్టి పిల్లల మీదే కన్నేసి కూర్చునే పని వంతులవారీగా ఒప్పుకుంటే మాత్రం పూర్తి మినహాయింపు ఇవ్వచ్చు. మునిగేవారు అరుస్తారనుకోవడం పొరపాటు, చాలాసార్లు చప్పుడే ఉండదు. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదని అర్థం.

ఇక డిపాజిట్టు కట్టినవారిని గుర్తుపట్టడం తేలిక. అందరూ ఈత దుస్తుల్లో ఉంటే, ఆ ఒక్కరే గోడ మీది పాత గీతలకు ఫొటోలు తీస్తుంటారు. వారికి అద్దెలో రాయితీ ఇవ్వాలన్న ప్రతిపాదనకు ఇరవై మందిలో వచ్చే ఓటు ఒక్కటే.