రత్నం పోయినవాణ్ణే అడగండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రను నటిస్తూ, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. అందులో ఒకడి రోగ్ (దొంగ పాత్ర), పక్కనే కూర్చున్నవాడి ఫైటర్ (యోధుడి పాత్ర) సంచిలోంచి రత్నం కొట్టేస్తాడు. అది బెంగళూరులో మారతహళ్లి ఫ్లాట్ కానీ, ఇందిరానగర్ కేఫ్ కానీ, ఆట నడిపే డీఎం (డంజన్ మాస్టర్) నోట వచ్చే మాట ఒకటే: "సరే, రోల్ చెయ్యి." బండి బోల్తా పడేది అక్కడే. మన పాత్రల మధ్య తగవుకి పాచిక తీర్పరి కాకూడదు. ఎవరి మీద చెయ్యి పడిందో వాళ్లే ఫలితం చెప్పాలి.

పాచికకు పక్షపాతం లేదంటారు. లెక్క వేద్దాం. 2014 నిబంధనల ప్రకారం ఐదో లెవెల్ రోగ్‌కి డెక్స్‌టెరిటీ (చురుకుదనం) 18 అయితే +4, ఎక్స్‌పర్టీస్‌తో (ప్రత్యేక నైపుణ్యం) మరో +6. స్లైట్ ఆఫ్ హ్యాండ్, అంటే చేతివాటం, మొత్తం +10. విజ్‌డమ్ 10 ఉండి, పర్సెప్షన్ నేర్వని ఫైటర్ పాసివ్ పర్సెప్షన్ (వెతక్కుండానే పసిగట్టే అంకె) కూడా 10. దొంగ దాన్ని దాటితే చాలు. ఇరవై ముఖాల పాచిక డీ20 మీద 1 పడ్డా దొంగకి 11 వస్తుంది. ఈ చెక్కుల్లో 1 పడితే ఓడినట్టే అన్న నియమమూ లేదు. ఇక రోల్ ఎందుకు, చప్పుడు కోసమా? కత్తులు దూసే దాకా వెళితే మరీ ఘోరం. ఫైర్‌బాల్ మంత్రం దెబ్బ 8డీ6, అంటే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది, సగటు 28. కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దృఢత్వం) 12 ఉన్న ఐదో లెవెల్ విజార్డ్‌కి హిట్ పాయింట్లు (ప్రాణబలం) 27. సేవ్ (దెబ్బ తప్పించుకునే రోల్) తప్పాడా, నేల మీదే. ఆ అంకెలు రాక్షసుల కోసం కట్టినవి. అన్నదమ్ముల తగవు పాచికలకు అప్పగిస్తే ఏమవుతుందో హస్తినలో ఒకసారి చూశాం కదా.

పద్ధతి ఇది. చెయ్యి వేసేవాడు తనకేం కావాలో ముందు పైకి చెప్పాలి: "నీ రత్నం తీద్దామనుకుంటున్నా." డీఎం ఆట ఆపాలి. రత్నం ఉన్నవాడు మూడింటిలో ఒకటి ఎంచుకుంటాడు: దొరికింది, దొరకలేదు, పాచిక వేద్దాం. మౌనం అంటే దొరకలేదనే. ఈ నియమం సెషన్ జీరోలోనే, అంటే ఆట మొదలుకాకముందు అందరూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడే, చెప్పాలి, గొడవ మొదలయ్యాక కాదు. డీఎంకి రహస్యంగా వాట్సాప్ చేసే దొంగతనాలు కుదరవు, అవతలివాడికి తెలియకపోతే అడిగేదెవర్ని? దొంగకి బుద్ధి చెప్పాలని డీఎం మరుసటి ఊళ్లో భటుల్ని దింపడం ఇంకో తప్పు. కోపం మనుషుల మధ్య ఉంటే శిక్ష పాత్రకి వేసి లాభమేంటి?

పారనోయా లాంటి ఆటలో ఒకరినొకరు కాల్చుకోవడమే సరదా కదా అంటారు. నిజమే, 1984 నాటి ఆ ఆట ఒక్కో ఆటగాడికి ఆరు క్లోన్లు (ఒకటి చస్తే ఇంకొకటి దిగుతుంది) ఇస్తుంది. మీ ఫైటర్‌కి ఎన్ని?

"ఫలితం ముందే తెలిస్తే మజా ఏముంది?" ఇది తెలుగువాళ్లు అడగాల్సిన ప్రశ్నేనా! రాయబారం విఫలమవుతుందని తెలియని ప్రేక్షకుడు ఏ నాటకానికైనా వచ్చాడా? అయినా తెల్లవార్లూ కూర్చుని పద్యానికి వన్స్‌మోర్ కొట్టారు. ఫలితం తేలిపోయాకే నటుడు గొంతు విప్పుతాడు. రత్నం పోయిందని ఒప్పుకున్న ఆటగాడు ఆ ఫైటర్‌ని ఎంత అమాయకంగా నటిస్తాడో చూడండి. గెలవాల్సిన పని లేదు కాబట్టే.

అసలు చిక్కు ఆటలో లేదు, ఈ ఊరి అలవాటులో ఉంది. ఇద్దరు పట్టే సీట్లో ముగ్గురు కూర్చుని "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటారు. మనవాళ్లు దానికి "సర్దుకుపోరా" కలిపారు. సర్దుకునేది ఎప్పుడూ ఒక్కడే, రత్నం పోయినవాడు, సాధారణంగా ఆఫీసులో జూనియర్. టీమ్ లీడ్ రోగ్ ఆడుతుంటే "అన్నా, వద్దు" అనడానికి వాడికి నోరు రాదు. కాబట్టి నోటితో అడగకండి. దొరికింది, దొరకలేదు, పాచిక అని మూడు చీటీలు చేతికిచ్చి, ఒకటి బోర్లా పెట్టి డీఎం వైపు జరపమనండి.