పిట్ట ముట్టని పాత్రలు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో మనిషి పోయాక పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఇస్తరిలో పెట్టి, అందరూ పక్కకు జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే సరే. ముట్టలేదంటే గుంపులో గుసగుస మొదలవుతుంది. ఏదో మనసుల పెట్టుకొని పోయిండు, ఫలానా మాట తీర్చలేదు, ఫలానావాళ్లు రాలేదు అని. 'స్ట్రేంజర్ థింగ్స్' అనే అమెరికన్ వెబ్ సీరియల్‌లో చిన్న పాత్రల గురించి అభిమానులు ఏళ్లుగా పడుతున్న గొడవ అచ్చం ఇలాంటిదే. పాత్రను చంపారన్న కోపం పైకి కనిపించేది. చంపినాక దినాలు చేయలేదన్నది అసలు కోపం.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హాకిన్స్ అనే కల్పిత ఊరు. 1983 నవంబర్‌లో విల్ బయర్స్ అనే పిల్లవాడు మాయమవడంతో కథ మొదలవుతుంది. 2016 జులై 15న నెట్‌ఫ్లిక్స్‌లో మొదలై, ఐదు సీజన్లు, 42 ఎపిసోడ్లు నడిచి, మనకు 2026 కొత్త సంవత్సరం పొద్దున ముగిసింది. తెలుగు ఆడియో వచ్చాక మన హాస్టళ్లలోకీ బాగానే చొరబడింది. నల్లగొండ అయినా మహబూబ్‌నగర్ అయినా క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగే పిల్లల మాటల్లో హీరోయిన్ ఎలెవన్ పేరు కంటే ముందు స్టీవ్ పేరో, ఎడీ పేరో వస్తుంది. ఆ ఇష్టం ఎక్కడ పుట్టిందో చూడాలంటే బార్బ్ దగ్గరికే పోవాలి.

బార్బ్, అంటే బార్బరా హాలండ్. నటి షానన్ పర్సర్‌కు తెర మీద అదే మొదటి వేషం. స్నేహితురాలు నాన్సీకి తోడుగా, నాన్సీ ఇష్టపడే స్టీవ్ ఇంట్లో పార్టీకి పోతుంది. బీరు డబ్బాకు బొక్క పెట్టబోయి చెయ్యి కోసుకుంటుంది. నాన్సీ మేడ మీదికి పోయాక ఈతకొలను అంచున ఒక్కతే కూర్చుంటుంది. రక్తం బొట్టు నీళ్లలో పడుతుంది. డెమోగార్గన్ అనే వింత మృగం ఈడ్చుకుపోతుంది. మూడో ఎపిసోడ్ మొదట్లోనే ఆ పిల్ల కథ ముగిసింది. అంత కొద్ది పాత్రకు 2017లో అతిథి నటి విభాగంలో ఎమ్మీ నామినేషన్ వచ్చిందంటే నటన ఒక్కటే కారణం కాదు. విల్ కోసం ఊరంతా టార్చిలైట్లు పట్టుకుని అడవి గాలించింది. బార్బ్ కారు బస్టాండులో దొరికిందని, ఇల్లు విడిచి పారిపోయిందని పోలీసులు చేతులు దులుపుకున్నారు. రెండు ఇళ్లలో రెండు పిల్లలు పోతే ఊరు ఒక్క ఇంటికే పోయింది. చూసేవాళ్లకు మింగుడుపడనిది ఇదే.

రెండో సీజన్‌లో రచయితలు ఈ బాకీ తీర్చడానికి దిగారు. నాన్సీ, స్టీవ్ హాలండ్ దంపతుల ఇంటికి భోజనానికి పోతారు. బయట ఇల్లు అమ్మకానికి బోర్డు. కూతుర్ని వెతకడానికి మర్రే బౌమన్ అనే మనిషిని పెట్టుకున్నారు, అతనికి ఇవ్వడానికి ఇల్లు అమ్ముతున్నారు. టేబుల్ మీద బకెట్ చికెన్, ఎదురుగా ఆశ చావని తల్లిదండ్రులు. కూతురు చనిపోయిందని తెలిసి కూడా నాన్సీ నోరు విప్పలేదు. తర్వాత నాన్సీ, విల్ అన్న జొనాథన్ కలిసి ఊళ్లోని రహస్య ప్రభుత్వ ల్యాబ్ అధికారి మాటలు టేపులో పట్టి మర్రే దగ్గరికి తీసుకుపోతారు. నిజం ఉన్నదున్నట్టు చెప్తే ఎవడూ నమ్మడని, వోడ్కాలో నీళ్లు కలిపినట్టు పల్చన చేయాలని అతను గ్లాసులో పోసి చూపిస్తాడు. పల్చన చేసిన కథ ఏమిటంటే, ల్యాబ్ నుంచి విషరసాయనం లీకై పిల్ల చనిపోయిందని. ల్యాబ్ మూతపడింది, బార్బ్‌కు అంత్యక్రియలు జరిగాయి. కానీ తల్లిదండ్రులు ఏడ్చింది అబద్ధం ముందర. 'జస్టిస్ ఫర్ బార్బ్' (బార్బ్‌కు న్యాయం చేయాలి) అని ఆన్‌లైన్‌లో గొంతెత్తిన అభిమానుల్లో సగంమంది ఇక్కడ శాంతించారు, సగంమంది శాంతించలేదు. నా లెక్కలో రెండోవాళ్లదే న్యాయం.

బార్బ్ లేదని నాన్సీకి ఖాయంగా తెలిసిన తీరులో ఇంకో చిన్న పాత్ర చెయ్యి ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సైన్సు సారు స్కాట్ క్లార్క్. శనివారం రాత్రి స్నేహితురాలితో సినిమా చూస్తూ కూర్చున్న మనిషికి విల్ స్నేహితుడు డస్టిన్ ఫోన్ చేసి, ఒళ్లు తేలే తొట్టి ఎట్లా కట్టాలని అడుగుతాడు. సోమవారం చూద్దామంటాడు. పిల్లవాడు వదలడు. చివరికి లెక్క చెప్తాడు: 1,500 పౌండ్ల ఉప్పు. మన తూకంలో 680 కిలోలు, యాభై కిలోల బస్తాలు పదమూడున్నర. ఒక చిన్నపిల్లల ఈత తొట్టి, గోరువెచ్చని నీళ్లు. ఉప్పు చాలిందా లేదా అని చూడటానికి కోడిగుడ్డు వేస్తారు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించేవాళ్లకు ఈ సీను వివరించనక్కర్లేదు. విత్తనం వడ్లలో తాలు తీయడానికి వాళ్లు చేసేది ఇదే. గుడ్డు తేలి పైన రూపాయి బిళ్లంత కనిపించేదాకా ఉప్పు కలుపుతారు, తాలు పైకి వస్తుంది, గట్టి గింజ అడుగున ఉంటుంది. మనసుతోనే దూరాన ఉన్నవాళ్లను చూడగల ఎలెవన్ ఆ తొట్టిలో పడుకునే బార్బ్ శవాన్ని చూస్తుంది. క్లార్క్ సారును కథలోంచి తీసేయండి, తొట్టి లేదు, విల్ జాడ లేదు, బార్బ్ సంగతి తేలదు. సహాయ పాత్రను తూచడానికి నాకు తెలిసిన మంచి తక్కెడ ఇదే. పాత్రను లాగేసి కథ ఎక్కడ కూలుతుందో చూడటం.

ఈ తక్కెడలో బాబ్ న్యూబీ అందరికంటే బరువు తూగుతాడు. విల్ తల్లి జాయిస్‌ను ప్రేమించే, రేడియోషాక్ అనే ఎలక్ట్రానిక్స్ కొట్టులో పనిచేసే బాబ్‌గా షాన్ ఆస్టిన్ నటించాడు. విల్ గీసిన పిచ్చిగీతలను ఇల్లంతా అంటించి ఉంచితే, చెరువు, వాగు ఆకారం పోల్చి, అది ఊరి పటమని కనిపెట్టింది ఇతనే. ల్యాబ్‌లో కరెంటు పోయి తలుపులు పడిపోతే, బేస్‌మెంట్‌కు దిగి బ్రేకర్లు ఎత్తి, బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసి తాళాలు తీసిందీ ఇతనే. వాకిలి దాకా వచ్చి, బతికిపోయాననుకుని ఒక్క క్షణం ఆగి నవ్వుతాడు. అక్కడే డెమోడాగ్ అనే కుక్కలాంటి మృగం మీద పడుతుంది. అభిమానులు ఈ చావుకు ఏడ్చారు గానీ తిట్టలేదు. విల్ 'బాబ్ న్యూబీ సూపర్‌హీరో' అని బొమ్మ గీశాడు, మూడో సీజన్‌లో అది జాయిస్ ఫ్రిజ్ మీద ఉంది. ఆ ఫ్రిజ్ అయస్కాంతాలు రాలిపడటంతోనే ఊళ్లో మళ్లీ ఏదో జరుగుతోందన్న జాయిస్ అనుమానం మొదలవుతుంది. అంటే పోయినవాడు ఇంట్లో ఉన్నాడు, కథలోనూ ఉన్నాడు. పిట్ట ముట్టింది. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. భయం నుంచి పారిపోకు, ఎదురు నిలబడి పొమ్మను అని విల్‌కు సలహా ఇచ్చింది బాబే. పిల్లవాడు అట్లాగే నిలబడ్డాడు, మైండ్ ఫ్లేయర్ అనే నీడలాంటి భూతం వాడిలోకి దూరింది. ప్రేమతో చెప్పిన మాట ఎంత పని చేసిందో బాబ్‌కు చివరిదాకా తెలియదు. ఈ సీరియల్ మొత్తంలో ఇంత చేదైన సంగతి ఇంకోటి లేదంటాను.

స్టీవ్ దారి వేరు. మొదటి సీజన్‌లో చంపేద్దామనుకున్న డబ్బున్న పొగరుబోతు, నటుడు జో కీరీ పుణ్యాన బతికాడు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు, ఒకడు నవ్విస్తాడు, ఒకడు లోకం సంగతులు మాట్లాడతాడు. వంత గట్టివాడైతే జనం చూపు అటే పోతుంది. రెండో సీజన్‌లో రైలు పట్టాల మీద మాంసం ముక్కలు చల్లుకుంటూ డస్టిన్‌కు తన జుట్టు రహస్యం చెప్పే సీను చూడండి. షాంపూ, కండిషనర్, తడి పూర్తిగా ఆరకముందే ఫరా ఫాసెట్ స్ప్రే నాలుగు సార్లు. కథకు ఆ నాలుగు స్ప్రేలతో పనిలేదు. స్టీవ్‌ను జనం సొంతం చేసుకున్నది మాత్రం అక్కడే.

మూడో సీజన్ అలెక్సీ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రష్యన్ తప్ప రాని శాస్త్రవేత్త, చెర్రీ స్లర్పీ అనే చల్లటి ఐసు పానీయం కోసం మొండికేస్తాడు, తిరునాళ్లలో బొమ్మ గెలిచి సంబరపడుతుండగా తూటా తగులుతుంది. పక్కన కూర్చుని బాధపడ్డది మర్రే ఒక్కడే. కథ రెండు నిమిషాల్లో పరుగందుకుంది.

ఎడీ మన్సన్ దగ్గర మాత్రం ఆగాలి. 2022లో నాలుగో సీజన్‌లో జోసెఫ్ క్విన్ వేసిన ఈ పాత్ర, హాకిన్స్‌కు చీకటి ప్రతిబింబంలాంటి, మృగాలుండే 'తలకిందుల లోకం'లో ట్రెయిలర్ కప్పు మీద నిలబడి 1986 నాటి మెటాలికా పాట వాయించి గబ్బిలాలను రప్పిస్తుంది. ఆ సీను రీల్స్‌లో తిరిగినంతగా సీరియల్‌లో ఇంకేదీ తిరగలేదనిపిస్తుంది. మన పిల్లల్లో చాలామంది ఎడీని ముందు చూసింది రీల్‌లోనే, తర్వాతే సీరియల్‌లో. రీల్‌లో గిటార్ ఒదుగుతుంది, హాలండ్ దంపతుల ఇంటి ముందరి బోర్డు ఒదగదు. అందుకే ఎడీకి అన్ని ఓట్లు. మొబైల్ ప్లాన్‌లో 480పీ మీద, ఎండపూట ఆ చీకటి సీన్లు చూసేవాళ్లకు సగం కనిపించను కూడా కనిపించవు, అది వేరే బాధ.

ఎడీ చావు మీద ఒక గట్టి అభ్యంతరం ఉంది. పథకం ప్రకారం గబ్బిలాలను కాసేపు మళ్లించి వెనక్కి రావాలి. డస్టిన్ దుప్పట్ల తాడు పట్టుకుని ఇవతలికి ఎక్కాడు. ఎడీ సగంలో ఆగి, తాడు కోసి, సైకిల్ ఎక్కి గబ్బిలాలను తన వెంట తిప్పుకున్నాడు. దాంతో దక్కింది కొద్ది నిమిషాలే, కాసేపటికి గబ్బిలాలు వాటంతటవే రాలిపోయాయి. మరి ఎందుకు చచ్చినట్టు? లెక్క ప్రకారం ఈ ప్రశ్నకు జవాబు లేదు. పాత్ర ప్రకారం ఉంది. తన బడిలో చదివే క్రిస్సీ కళ్ల ముందు చనిపోతుంటే పారిపోయాడన్న సిగ్గు వాడిని సీజన్ పొడుగునా కొరికింది. ఈసారి పారిపోదలచుకోలేదు.

దాని తర్వాతి సీనే నాకు అసలైనది. సహాయ శిబిరంగా మారిన బడిలో ఎడీ పెదనాయన వరసయ్యే వేన్, కొడుకులా పెంచిన పిల్లవాడి 'కనబడుటలేదు' కాగితం అంటిస్తుంటాడు. ముందు అంటించినదాన్ని ఎవరో గీకి పాడుచేశారు. ఊరి దృష్టిలో ఎడీ హంతకుడు. డస్టిన్ కుంటుకుంటూ వచ్చి ఎడీ మెడలోని గిటార్ పిక్ గొలుసు చేతిలో పెడతాడు. ఇద్దరూ కూర్చుని ఏడుస్తారు. ఊరు రాకపోయినా కాకి ముట్టింది, ఒక్కరైనా వచ్చారు కాబట్టి.

ఐదో సీజన్‌లో డెరెక్ అనే బొద్దు పిల్లవాడు వచ్చాడు. మొదట ఏడిపించే రకం, తర్వాత పనికొచ్చే రకం. పాత సీజన్ల అలవాటు ప్రకారం వీడూ పోతాడని జనం గుండె చిక్కబట్టుకుని చూశారు. బతికాడు.

తీరని లెక్క ఆర్గైల్‌ది, నాన్సీవాళ్లు టేపులో పట్టిన ఆ ల్యాబ్ అధికారి డాక్టర్ ఓవెన్స్‌ది. నాలుగో సీజన్‌లో పిజ్జా బండి నడిపి, పిజ్జా కొట్టు ఫ్రీజర్‌లో ఉప్పు నీళ్లు నింపి ఎలెవన్‌కు తొట్టి కట్టడానికి సాయపడ్డ ఆర్గైల్ ఐదో సీజన్‌లో లేనే లేడు. ఓవెన్స్ చివరిసారి సైనికుల చేతిలో బేడీలతో కనిపించాడు, తర్వాత ఏమయ్యాడో చెప్పినవాళ్లు లేరు. బొంబాయి వలసపోయి జాడ తెలియకుండా పోయిన మనుషుల ఇళ్లు పాలమూరులో ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లలో పిట్టకు పెట్టరు. పోయిండని తెలిస్తే గదా పెట్టేది.