జంట పొట్లాల వారికి ఒక బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ పాన్ మసాలా పొట్లం గారికి, వారి తమ్ముడు, నమిలే పొగాకు అయిన చిరంజీవి జర్దా పొట్లానికి, కర్నూలు నుంచి ఒక పాదచారి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. అయితే తమరు కుశలంగా ఉన్న చోట తమను నమిలేవారు కుశలంగా ఉన్న దాఖలా లేదు కనుక, ఆ మాట వదిలేసి నేరుగా విషయానికి వస్తున్నాను.

ముందుగా తమ న్యాయశాస్త్ర పాండిత్యానికి జోహార్లు. ఏ ఆహార పదార్థంలోనూ పొగాకును గానీ నికోటిన్‌ను గానీ కలపరాదని 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు చెప్పాయి. ఆ ఆధారంతోనే 2012లో మధ్యప్రదేశ్, మరుసటి ఏడు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, తమరిద్దరూ ఒకే పొట్లంలో కాపురమున్న గుట్కాను నిషేధించాయి. ఇంకొకరైతే మూటాముల్లె సర్దుకునేవారు. తమరు మాత్రం రేషన్ కార్డు కోసం కాగితాల మీద వేరుపడి ఒకే పొయ్యి మీద వండుకు తినే అన్నదమ్ముల్లాగా, వక్క, ఏలకులు, పరిమళం అన్నగారి వాటాకు, పొగాకు తమ్ముడి వాటాకు వచ్చేటట్టు పంపకాలు చేసుకుని, మరునాటి నుంచి మళ్లీ అదే అంగట్లో పక్కపక్కనే వేలాడారు. ఈ ఎత్తుగడను 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టే గమనించి, నిషేధాన్ని పూర్తిగా అమలు చేసిన సంగతిని ప్రమాణపత్రంతో చెప్పమని రాష్ట్రాల ఆరోగ్య కార్యదర్శులను ఆదేశించింది. కలుపుకు తినడానికి వీలుగా విడివిడిగా అమ్మినా నిషేధమేనని ఉత్తర్వుల్లో రాసిన రాష్ట్రాలూ ఉన్నాయి. పైగా ఆ చట్టం కింద ఆహార భద్రతా కమిషనరు ఇచ్చే నిషేధం ఒక్కోసారి ఏడాదికి మించి చెల్లదు. గుర్తు పెట్టుకుని పొడిగిస్తూ ఉండాలి. తమకు అటువంటి గడువేదీ లేదు.

కొండారెడ్డి బురుజుకు కొంత దూరంలో, ఒక బడి గోడ మలుపు తిరిగే చోట, తమరు కొలువుదీరిన బంకు ఒకటి ఉంది. దాని నుదుట చట్టప్రకారం ఉండవలసిన బోర్డు ఉంది. కాకపోతే దండలుగా దిగిన తమ పరివారం దాని కుడి సగాన్ని కప్పేయడం వల్ల, దారిన పోయేవారికి "18 సంవత్సరముల లోపు వారికి పొగాకు ఉత్పత్తులు అమ్ముట" అన్నంత వరకే కనబడుతుంది. శిక్షార్హమైన నేరము అన్న ముక్క తమ వెనుక ఉండిపోయింది. పుస్తకాల సంచి ఇంకా భుజాన ఉన్న కుర్రవాడు వచ్చి "అన్నా, ఒక జోడీ" అంటాడు. అంగడాయన తలెత్తకుండానే రెండు దండల నుంచి చెరొకటి తెంపి ఇస్తాడు. కుర్రవాడు అన్నగారి మూలను పంటితో చించి, తమ్ముణ్ణి అందులోకి ఒంపి, బొటనవేలితో మూతి మూసి రెండుసార్లు కుదిపి, తల వెనక్కి వాల్చి నోట్లో పోసుకుంటాడు. ప్రభుత్వ ఉత్తర్వులు వేరు చేసిన కుటుంబం ఆ విధంగా ఒకటవుతుంది. అడిగితే అంగడాయన సమాధానం కూడా శాస్త్రోక్తంగానే ఉంటుంది: "ఇదొక సరుకు, అదొక సరుకు సార్. కలుపుకోమని నేను చెప్పినానా?"

అన్నగారూ, అసలు ప్రతిభ తమదేనని నా అభిప్రాయం. ఒట్టి పొగాకు నోట్లో వేసుకున్న పిల్లవాడు చేదుకూ మంటకూ తట్టుకోలేక ఉమ్మేస్తాడు. శరీరం చెప్పే ఆ మొదటి 'వద్దు'ను ఏలకుల వాసనతో, గులాబీ అత్తరుతో, మెంథాల్ చల్లదనంతో నోరు మూయించేది తమరు. ఆ తరువాతి పని నికోటిన్ చూసుకుంటుంది. పొగాకుతో కలిసే సున్నం క్షారగుణాన్ని పెంచి, దాన్ని చెంప లోపలి పొర గుండా త్వరగా రక్తంలోకి సాగనంపుతుంది. 85 శాతం మేర భయపెట్టే బొమ్మ ఉండాలన్న నియమం తమ్ముడి ఒంటికే పరిమితం. తమ ఒంటి మీద తళతళలాడే ఏలకులు, టీవీలో తమ పక్కన సినిమా తారలు. మా జేజమ్మలు వక్కాకు వేసుకోలేదా అని తమ తరఫున వాదించేవారు ఉన్నారు. వేసుకున్నారు. పొగాకు లేకపోయినా వక్క దానంతట అదే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది కనుక, జేజమ్మల పేరు చెప్పి తమరు తప్పించుకునే వీలు లేదు.

వక్క పుణ్యాన చెంపల లోపలి పొర గట్టిపడి, మూడు వేళ్లు పట్టవలసిన నోరు ఒక వేలి సందుకు కుదించుకుపోయే జబ్బు ఒకటి ఉంది. పెద్దాసుపత్రికి వెళ్లేదాకా అక్కరలేదు. ఉగ్గాని పక్కన మిరపకాయ బజ్జీ పెడితే, కారం తగలగానే కళ్లనీళ్లు పెట్టుకుని ప్లేటు పక్కకు నెట్టే పాతికేళ్లవాడిని చూస్తే చాలు. రాయలసీమలో పుట్టినవాడికి కారం ఓర్వలేని నోరు ఇచ్చిన ఘనత తమకే దక్కాలి.

ఇక తమకున్న ముప్పు సంగతి. బడికి నూరు గజాల లోపల ఎవరికీ, పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఎక్కడా పొగాకు అమ్మరాదని 2003 చట్టం చెబుతుంది. తప్పితే 200 రూపాయల వరకు జరిమానా. బాలల న్యాయ చట్టంలో ఏడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా అని కూడా ఉంది గానీ, బంకులో దాని ప్రస్తావన ఎన్నడూ వినలేదు. రుచుల మీద మాత్రం ఆ 2003 చట్టంలో ఆంక్షే లేదు. పండ్ల వాసన వచ్చే ఎలక్ట్రానిక్ సిగరెట్టును 2019లో దేశమంతటా నిషేధించిన వారికి, రుచి పిల్లల్ని లాగుతుందన్న సంగతి తెలియదని అనుకోలేం. బ్యాటరీ లేకపోవడమే తమ అదృష్టం కాబోలు. అమెరికా 2009లో రుచుల సిగరెట్లను నిషేధిస్తూ మెంథాల్‌ను వదిలిపెట్టింది. ఐరోపా సమాఖ్య 2020లో మెంథాల్ సిగరెట్లనూ ఆపింది. కాలిఫోర్నియా ఓటర్లు 2022లో రుచుల పొగాకు చిల్లర అమ్మకాలను నిషేధించే చట్టాన్ని బలపరిచారు. మొదటి రెండూ సిగరెట్ల సంగతులు, తమరు ఏనాడూ సిగరెట్టు కారు. కాలిఫోర్నియా సంగతి తమ దాకా రానక్కరలేదు.

కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో రాష్ట్రాలకు రాసిన సలహా ఒకటి ఉంది. పొగాకు అమ్మే అంగడికి స్థానిక సంస్థ లైసెన్సు ఉండాలని, అటువంటి అంగట్లో చాక్లెట్లు, బిస్కెట్లు, చిప్స్ అమ్మనివ్వరాదని అందులో ఉంది. దానికి నేను కలపమనేది రెండే ముక్కలు: పరిమళం పూసిన పొగాకు ఏ చిల్లర అంగట్లోనూ కనబడరాదు, పొగాకు అమ్మే చోట తమరు, తమరు అమ్ముడయ్యే చోట పొగాకు ఉండరాదు. ఈ మాట బంకు ఆయనతో అంటే ఆయన కోపగించుకోలేదు. "ఎదురంగడి వాడు దించితే నేనూ దించుతా సార్, నేనొక్కడినే దించితే నా బేరం వాడికి పోతాది" అన్నాడు. ఎదురంగడి ఆయన కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే అన్నాడు. ఇద్దరి చేతా ఒకే రోజు దింపించవలసినవారు వేరే ఉన్నారు కనుక, ఈ లేఖ నకలు వారికి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఇట్లు,
బోర్డు కుడి సగం చదవగోరే
కర్నూలు పాదచారి