ఒకరిని ఇచ్చి ఇద్దరిని తెచ్చుకోవాలట!

ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుని బతికే వాళ్లెవరైనా ఇది చదువుతుంటే ముందే చెబుతున్నాను, మీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. మీ దగ్గరా ఇదే జరిగి ఉంటుంది. సినిమా పేరు మారి ఉంటుంది, అంతే.

ఆదివారం, మే నెల, కడప. ఈ మూడూ కలిసిన రోజున మనసున్న వాడెవడూ సాటి మనిషిని గడప దాటి రమ్మనడు. మా యాజమాన్యం రమ్మంది. కోటిరెడ్డి సర్కిల్‌కు దగ్గరలో ఒక హోటల్ హాలు, గోడకు తెర, తలా ఒక నీళ్ల సీసా, ఒక పెన్ను. నాయకత్వ శిక్షణ అట. రాని వాళ్లకు ఒక రోజు జీతం కోత. వేసవిలో మాకు ఇచ్చేదే సగం జీతం. ఆ సగంలో కోత అంటే ఎంత అవుతుందో మా గణితం మేడమ్ వేళ్ల మీద లెక్కపెట్టబోయి, నవ్వొచ్చి ఆపేసింది.

అసలు మాకు నాయకత్వం ఎందుకు? ఈ నెలలో మేము చేసే పని ఏమిటో మీకు తెలియనిది కాదు. పొద్దున్నే బద్వేలు బస్సో, మైదుకూరు బస్సో, రాయచోటి బస్సో ఎక్కడం, పదో తరగతి పాసైన పిల్లల జాబితా పట్టుకుని గుమ్మాల ముందు నిలబడటం, మా కాలేజీలో చేర్పించండమ్మా అని బతిమాలడం. నేను చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్స్. తలుపు సగం తీసి "నిన్ననే వేరే కాలేజీ సార్ వచ్చి వెళ్లారమ్మా" అనే వాళ్లకు దాంతో ఏం పని? వాళ్లను తప్పుపట్టను. ఎండలో వచ్చానని కొందరు లోపలికి పిలిచి మజ్జిగ ఇస్తారు. మజ్జిగ ఇచ్చిన తల్లిని పట్టుకుని మీ పిల్లను మా కాలేజీలోనే చేర్పించండి అనడానికి నాకు నోరు రాదు. అది వేరే కథ.

ఈ తిరుగుడుకు ఈ ఏడాది 'మిషన్' అని పేరు పెట్టారు. మేమందరం 'ఏజెంట్లు'. అందుకని శిక్షణకు గూఢచారి సినిమా ఎంచుకున్నారు. మా నాన్న తరం వాళ్లు 1966లో కృష్ణ గూఢచారి 116 చూసి వచ్చి జుట్టు దువ్వే తీరు మార్చుకున్నారు, నల్ల కళ్లజోడు కొనుక్కున్నారు, హాయిగా ఉన్నారు. అందులోంచి నాయకత్వ పాఠాలు ఏరుకోవాలన్న దుర్బుద్ధి వాళ్లకు పుట్టలేదు.

శిక్షకుడు బెంగళూరు నుంచి వచ్చాడు. తెలుగు వచ్చి కూడా రానట్టు మాట్లాడే రకం. తెర మీద వేసిన సినిమా బ్రిడ్జ్ ఆఫ్ స్పైస్. నా ఒళ్లు మండటానికి కారణం అదే. ఏదో ఒక పనికిమాలిన సినిమా వేసి ఉంటే నిద్రపోయేదాన్ని. ఇది నాకు ఇష్టమైన సినిమా. 2015లో స్పీల్‌బర్గ్ తీశాడు, టామ్ హాంక్స్ లాయరు వేషం వేశాడు. కారు గాలిలో ఎగరదు, హీరో మేడల మీద నుంచి దూకడు. ఎక్కువ భాగం కోట్లు వేసుకున్న మనుషులు గదుల్లో కూర్చుని మాట్లాడుకోవడమే.

చూడని వాళ్ల కోసం కథ చెబుతాను, నిజంగా జరిగిన కథే. న్యూయార్క్‌లో బీమా కేసులు వాదించుకునే జేమ్స్ డోనవన్ అనే లాయరు. 1957లో రుడాల్ఫ్ ఏబెల్ అనే సోవియట్ గూఢచారి దొరికితే అతని తరఫున వాదించే పని ఈయన మీద పడింది. ఊరంతా శత్రువును కాపాడుతున్నావని తిట్టింది. ఉరి వద్దు, రేపు మనవాడెవడైనా వాళ్లకు చిక్కితే మార్చుకోవడానికి పనికొస్తాడని డోనవన్ వాదించాడు. ఏబెల్‌కు 30 ఏళ్ల జైలు పడింది. 1960 మే 1న అమెరికా యూ-2 గూఢచారి విమానాన్ని సోవియట్ వాళ్లు కూల్చేశారు, పైలట్ పవర్స్ ప్రాణాలతో చిక్కాడు. డోనవన్ చెప్పినట్టే అయింది. మరుసటి ఏడాది తూర్పు బెర్లిన్‌లో ఫ్రెడరిక్ ప్రయర్ అనే అమెరికన్ విద్యార్థిని పట్టుకుని లోపల వేశారు. సినిమాలో పైవాళ్లకు కావాల్సింది పైలట్ ఒక్కడే. విద్యార్థి సంగతి ఎవరికీ పట్టదు. డోనవన్ మాత్రం ఇద్దరూ రావాల్సిందేనని భీష్మించుకుని కూర్చుంటాడు. 1962 ఫిబ్రవరి 10న బెర్లిన్ అంచున ఉన్న గ్లీనికె వంతెన మీద ఏబెల్ అటు వెళ్లాడు, పవర్స్ ఇటు వచ్చాడు. ఆ కుర్రాడిని వేరే చోట, తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య సరిహద్దు ద్వారమైన చెక్‌పాయింట్ చార్లీ దగ్గర వదిలారు.

ఎవరికీ అక్కరలేని ఒక విద్యార్థి కోసం మొత్తం బేరమే చెడిపోయినా సరే అని పట్టుబట్టిన మనిషి కథ ఇది. కాలేజీ లెక్చరర్లకు చూపించడానికి ఇంతకంటే మంచి కథ దొరకదు. శిక్షకుడు బొమ్మ ఆపి, చేతులు చాచి, "ఇక్కడ పాఠం ఏమిటి?" అని అడిగాడు. జంతుశాస్త్రం సార్ పాపం "ఎవరినీ వదిలిపెట్టకూడదు సార్" అన్నాడు. కాదట. "ఒకరిని ఇచ్చి ఇద్దరిని తెచ్చుకున్నాడు! అదీ బేరం!"

మా డీన్ గారు కుర్చీలోంచి లేచారు. మైకు అందుకున్నారు. ముఖం వెలిగిపోతోంది. "అర్థమైందా అందరికీ? ఒక పిల్లవాడికి ఫీజు రాయితీ ఇస్తాం. వాడిని పట్టుకుని మీరు ఇద్దరిని తేవాలి. ఒన్ ఈజ్ టు టూ!"

చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను, కొట్టక ఎక్కడికి పోతాను?

డోనవన్ ఆ విద్యార్థి కోసం బెర్లిన్ చలిలో తిరిగింది రాయితీ పథకం కోసమని ఆయన ఆత్మకు కూడా తెలిసి ఉండదు. మా కాలేజీలో పోయిన ఏడాది ఫీజు కట్టలేదని ఒక పిల్లకు హాల్‌టికెట్ ఆపారు. ఆ పిల్ల తండ్రి ఆఫీసు వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. పాఠం నేర్పాల్సింది ఎవరికో శిక్షకుడికి తెలియదు, ఆయనకు డబ్బు కట్టింది వాళ్లే కాబట్టి తెలియాల్సిన అవసరమూ లేదు.

రెండో పాఠం ప్రశాంతత. ఏబెల్ పట్టుబడినా చలించడు, కోర్టులోనూ చలించడు, తనవాళ్లు తిరిగి తీసుకుంటారో కాల్చేస్తారో తెలియకపోయినా చలించడు. కాబట్టి జీతం ఆలస్యమైతే మనమూ చలించకూడదు. ఈ మాట శిక్షకుడు అనలేదు, డీన్ గారు నవ్వుతూ కలిపారు. సోవియట్ యూనియన్ కూడా ఏబెల్‌కు వేసవిలో సగం జీతం ఇచ్చినట్టు నేను ఎక్కడా చదవలేదు.

ఏబెల్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో ముక్క. ఆయన ఎలా దొరికాడో శిక్షకుడు చెప్పలేదు. తన తప్పు వల్ల కాదు. మాస్కో వాళ్లు ఆయనకు సహాయకుడిగా హైహానెన్ అనే వాడిని అంటగట్టారు. వాడు తాగుబోతు. పని చేయడు, వేరొకరికి చేర్చమని ఇచ్చిన డబ్బు సొంతానికి వాడుకున్నాడు. వీడితో వేగలేనని ఏబెల్ పైకి చెప్పుకున్నాక వెనక్కి రమ్మని కబురు పెట్టారు. వాడు దారిలో పారిస్‌లో దిగి నేరుగా అమెరికా వాళ్లకు లొంగిపోయి గుట్టంతా విప్పాడు. పనిమంతుడి నెత్తిన పైనుంచి దింపిన పనికిమాలిన వాడిని కూర్చోబెడితే ఏమవుతుందో ఇంత చక్కటి పాఠం ఇంకెక్కడుంది? ఇది చెప్పకుండా ఎందుకు దాటవేశాడో మా హాలులో అందరికీ తెలుసు. మా వైస్ ప్రిన్సిపాల్ డీన్ గారి బావమరిది. ఆయన తాగుతాడని నేను అనలేదు. పని చేస్తాడనీ అనలేదు.

సరే, ఇవన్నీ భరించవచ్చు. నా కడుపు మండింది మూడో పాఠం దగ్గర. 'నాయకుడు బాధ్యత తీసుకుంటాడు' అని తెర మీద పెద్ద అక్షరాలతో వేశారు. డీన్ గారు తల ఊపారు. తల ఎలా ఊపగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు.

యూ-2 కూలినప్పుడు అమెరికా ప్రభుత్వం మొదట అది వాతావరణ పరిశోధన విమానమని బొంకింది. పైలట్ బతికే ఉన్నాడు, మా చేతిలోనే ఉన్నాడని సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ బయటపెట్టాడు. పరువు పోయింది. అప్పుడు అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు సులువైన సందు ఒకటుంది. నాకు తెలియకుండా కింది వాళ్లు చేశారు అనడం. గూఢచారి సంస్థ సీఐఏ అధిపతి అలెన్ డల్లెస్‌ను ఇంటికి పంపి చేతులు దులుపుకుంటే సరిపోయేది. క్రుశ్చేవ్ కూడా ఆ సందు తెరిచే ఉంచాడు. ఐసెన్‌హోవర్ ఆ దారి పట్టలేదు. బాధ్యత తనదేనని ఒప్పుకున్నాడు, డల్లెస్‌ను తీసేయలేదు. ఆ నెలలోనే పారిస్‌లో జరగాల్సిన అగ్రనేతల సమావేశం కుప్పకూలింది. మొదట చెప్పింది అబద్ధమే, మహానుభావుడని నేను పూజ చేయడం లేదు. కానీ ఆ సందులో దూరలేదు.

మా విభాగంలో ఒక కుర్రాడు ఉండేవాడు. కొత్తగా చేరాడు, ప్రొద్దుటూరు దగ్గరి పల్లె. పిల్లలకు అతనంటే ప్రాణం. ఒకసారి వారాంతపు పరీక్ష పేపరులో ప్రశ్నలు తప్పుగా వచ్చాయి, కీ కూడా తప్పే. ఆ పేపరు పైనుంచి వచ్చింది, డీన్ గారు సంతకం పెట్టారు. ఆ కుర్రాడు చేసిందల్లా జిరాక్స్ తీయించి పిల్లలకు పంచడం. తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన లేచి నిలదీశాడు. డీన్ గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఆ విషయం నా దృష్టికి రాలేదు. బాధ్యుడి మీద ఇప్పటికే చర్య తీసుకున్నాం" అన్నారు. బాధ్యుడు తనే అని వెనక వరుసలో కుర్చీలు సర్దుతున్న ఆ కుర్రాడికి మైకులో విన్నాకే తెలిసింది. సోమవారం నుంచి రావద్దన్నారు. అనుభవ ధ్రువపత్రం కూడా ఇవ్వలేదు. అది లేకపోతే ఇంకో కాలేజీలో ఎంత తక్కువ ఇస్తారో మనందరికీ తెలుసు.

పవర్స్‌ను కూడా స్వదేశంలో అనుమానించారు, విమానంతో పాటు నువ్వెందుకు చావలేదన్నట్టు చూశారు. సెనేట్ కమిటీ 1962లోనే తప్పు లేదని తేల్చింది. సిల్వర్ స్టార్ పతకం మాత్రం 2012లో ఇచ్చారు, మనిషి పోయిన 35 ఏళ్లకు. మా కుర్రాడికి కమిటీ కూడా లేదు.

ఫలితాలు వచ్చిన రోజు సంగతి చూడండి. ఊరంతా ఫ్లెక్సీలు. డీన్ గారు నమస్కారం పెడుతూ నిలువెత్తున ఉంటారు. ర్యాంకులు తెచ్చిన పిల్లలు కింద తపాలా బిళ్లల సైజులో. పాఠం చెప్పిన వాళ్ల పేరు ఎక్కడా ఉండదు. గూఢచారి వృత్తిలోనూ పేరుండదు. ఏబెల్ అసలు పేరు విలియం ఫిషర్, 1971లో చనిపోయాకే ఆ పేరు రాతి మీదకు ఎక్కింది. అక్కడ మనిషి పోయాక రాయి మీద పేరు చెక్కుతారు. మా జిల్లాలో పని పుట్టకముందే చెక్కుతారు.

అవును, ఉక్కు ఫ్యాక్టరీ గురించే అంటున్నాను. ఆగాల్సిన చోట ఆగడం నాకు రాదు. 2007లో ఒక శంకుస్థాపన, 2018లో ఒకటి, 2019లో ఒకటి, 2023లో ఇంకొకటి. అన్నీ జమ్మలమడుగు చుట్టుపక్కలే. 2014 విభజన చట్టంలో మా జిల్లాకు సమీకృత ఉక్కు కర్మాగారం సాధ్యమేనేమో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు. ఆ ఆరు నెలలు ఏ క్యాలెండరు ప్రకారమో ఎవరైనా చెబితే సంతోషిస్తాను. ఇక్కడికి పార్టీల జెండాలు మోసుకుని రావద్దు. ఏ పార్టీ రాయి ఏదో నాకు తెలుసు, అందరికీ రాళ్లున్నాయి. నేను ఇంటర్ చదివేటప్పుడు ఫ్యాక్టరీ వస్తుందన్నారు. ఇప్పుడు ఇంటర్ చెబుతున్నాను. నా దగ్గర చదివి ఇంజనీరింగ్ పూర్తి చేసిన పిల్లలు బెంగళూరు బస్సెక్కారు. ఇంకో దారి ఉండి ఉంటే ఆ హాలులో కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్లం ఎంతమంది?

నాయకత్వం చూడాలంటే అంత ఖర్చు పెట్టి బెంగళూరు నుంచి మనిషిని దింపక్కరలేదు కూడా. ఈ ఊళ్లోనే బ్రౌన్ గ్రంథాలయం ఉంది. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తెలుగు పుస్తకాలు బతికించిన దొర పేరున, ఆయన బంగళా ఉన్న చోటే కట్టారు. దానికోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఏళ్ల తరబడి తిరిగారు. అక్కడికి తీసుకెళ్లి ఒక పూట కూర్చోబెడితే సరిపోయేది. ఫ్యాను కూడా ఉంటుంది.

ఇది రాస్తుండగానే కాలేజీ గ్రూపులో సందేశం వచ్చింది. శిక్షణలో నేర్చుకున్న పది పాఠాలు తెల్ల కాగితం మీద రాసి, పేరు, సంతకంతో రేపు ఉదయం బస్సెక్కే ముందు ఆఫీసులో ఇవ్వాలట. ఇవ్వకపోతే ఈ రోజు హాజరు పడదట. నేను ఒకటే రాశాను: డీన్ గారు ఒక్క రోజు మాతో బద్వేలు బస్సెక్కి నాలుగు గుమ్మాల ముందు నిలబడాలి. మిగతా తొమ్మిదికి అంకెలు వేసి వదిలేశాను. కింద విభాగాధిపతి సంతకం కావాలన్నారు. మా విభాగానికి అధిపతి ఆ వైస్ ప్రిన్సిపాల్ గారే. ఆయన శిక్షణకు రాలేదు. జీతం కోత ఆయనకు వర్తించదట.